మీ వీధిలో పెద్ద అపార్ట్‌మెంట్ లేస్తోందా? మన వైజాగ్‌లో పునాది తవ్వకముందే చెయ్యాల్సిన పనులు

ఖాళీ స్థలం చుట్టూ నీలం రేకులు లేచి, ఒక జేసీబీ వచ్చి మూలన ఆగిందంటే ఆ రాత్రి వీధి వాట్సాప్ గ్రూపుకి నిద్ర ఉండదు. "ఎన్ని ఫ్లోర్లంట?" "పదంట" "కాదు పద్నాలుగంట" "మరి మనకి నీళ్ళెలా?" "ఎవరైనా కంప్లైంట్ ఇవ్వండి". అక్కడితో ఆగిపోతుంది. మాకూ అలాగే ఆగిపోయింది.

మాది మధురవాడ సైడు, హైవే మీంచి లోపలికి వచ్చే ఒక వీధి, సగం ఇండిపెండెంట్ ఇళ్ళు, నాలుగు చిన్న అపార్ట్‌మెంట్లు. మొదటి పెద్ద ప్రాజెక్టు వచ్చినప్పుడు మేం నాలుగో స్లాబ్ పడ్డాక లేచాం, అప్పుడు ఎక్కడికెళ్ళినా ఒకటే మాట, "పర్మిషన్ ఉంది కదమ్మా, ఇప్పుడేం చేస్తాం". రెండోది వచ్చినప్పుడు రేకులు వేసిన వారంలోనే మొదలెట్టాం. బిల్డింగ్ ఆగలేదు, ఆగాలని మేం అడగలేదు కూడా, కానీ మదుం (రోడ్డు కింద నీళ్ళు దాటే దారి) పెద్దదైంది, రాత్రి కాంక్రీట్ లారీలు ఆగాయి, వాళ్ళ మురుగునీళ్ళు మా సైడు కాలవలోకి రాకుండా ముందే మాట్లాడుకోగలిగాం. ఆ రెండింటికీ మధ్య తేడా ఏంటంటే టైము, చేతిలో ఉన్న కొలతలు, అంతే. ఐటీ కంపెనీలు, డేటా సెంటర్లు, భోగాపురం ఎయిర్‌పోర్టు అని వినిపిస్తున్నప్పటి నుంచి ఎండాడ, కొమ్మాది, పీఎం పాలెం, పెందుర్తి ఎటు చూసినా ఇదే నడుస్తోంది కాబట్టి మేం నేర్చుకున్నది వరసగా రాస్తున్నాను.

ముందు ఏం అడగాలో తేల్చుకోండి

మొదటి మీటింగ్‌లో అందరూ అనేది "అపార్ట్‌మెంట్ వద్దు" అనే. ఆ మాట పట్టుకుంటే పని అవ్వదు. స్థలం వాళ్ళది, జోనింగ్ రెసిడెన్షియల్, రూల్స్ ప్రకారం ప్లాన్ పెట్టుకున్నారు, ఇంక ఏ ఆఫీసరూ మీ మాట వినడు. పైగా స్థలం డెవలప్‌మెంట్‌కి ఇచ్చిన మాస్టారు మన వీధాయనే, ముప్పై ఏళ్ళ నుంచి తెలిసిన మనిషి, పిల్లల పెళ్ళిళ్ళకి, చదువులకి ఇచ్చుకున్నాడు, ఆయన్ని దోషిని చెయ్యడం నాకు నచ్చలేదు. రేపు ఆ ఫ్లాట్లలోకి వచ్చేవాళ్ళూ లోన్ పెట్టి కొనుక్కుని వచ్చే మామూలు మనుషులే, వాళ్ళకీ నీళ్ళు కావాలి, వాళ్ళ పిల్లలూ ఇదే రోడ్డు మీద స్కూలుకి వెళ్ళాలి.

అందుకని అడగాల్సిన ప్రశ్న వేరు. ఈ రోడ్డు, ఈ కాలవ, ఈ పైపు, ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఇంకో నూట ఎనభై కుటుంబాల్ని మొయ్యగలవా, మొయ్యలేకపోతే బిల్డింగ్ పూర్తయ్యేలోపు ఎవరు, ఎప్పటికి, ఏం పెంచుతారు? ఈ ప్రశ్న వేస్తే ఆఫీసర్ కాదనలేడు, బిల్డర్ కూడా కాదనలేడు, ఫ్లాట్ కొనుక్కునేవాళ్ళు సైతం మీ వైపే ఉంటారు.

బోర్డు, ప్లాను

రేకులు లేచిన రోజే వెళ్ళి బోర్డు ఫొటో తియ్యండి. పర్మిషన్ నంబర్, తేదీ, ఎన్ని ఫ్లోర్లు, స్థలం విస్తీర్ణం, సర్వే నంబర్ చూడండి. మంజూరైన ప్లాన్ కట్టుబడి జరిగినన్నాళ్ళూ సైట్ దగ్గర కనబడేలా పెట్టాలని సుప్రీం కోర్టు 2024 డిసెంబర్ 17న ఇచ్చిన తీర్పులో స్పష్టంగా చెప్పింది, కాబట్టి బోర్డు లేకపోతే "బోర్డు ఎక్కడండి" అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు, అడిగే హక్కు ఉంది.

బోర్డు లేకపోతే మీ వార్డు సచివాలయానికి వెళ్ళండి. అక్కడ ప్లానింగ్ సెక్రటరీ ఒకరు ఉంటారు, ఎమినిటీస్ సెక్రటరీ ఇంకొకరు, ఇద్దరితోనూ పరిచయం పెట్టుకోండి, మొదటాయన కట్టడాల సంగతి, రెండో ఆయన నీళ్ళు కాలవల సంగతి చూస్తారు. తర్వాత ఏపీ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్. 500 చదరపు మీటర్లు దాటిన స్థలం అయినా, అంటే మన లెక్కలో దాదాపు 600 గజాలు, లేదా 8 ఫ్లాట్లు దాటినా, రెరాలో రిజిస్టర్ చెయ్యకుండా అమ్మకూడదు, అక్కడ ప్లాన్ కాపీ, ఫ్లాట్ల సంఖ్య, పార్కింగ్ ఎన్ని, ఎప్పటికి పూర్తి చేస్తామన్నారు అన్నీ ఉంటాయి. మాకు బోర్డు మీద దొరకని సమాచారమంతా అక్కడే దొరికింది, పది నిమిషాల పని.

ప్లాన్ చేతికొస్తే చదవడం కష్టమని వదిలెయ్యకండి, సివిల్ ఇంజనీరింగ్ చదివిన పిల్లలు ప్రతి వీధిలోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు, ఒక సాయంత్రం కూర్చోబెట్టండి. చూడాల్సినవి: ముందు రోడ్డు ఎన్ని మీటర్లని రాశారు, బిల్డింగ్ ఎత్తు ఎంత, నాలుగు వైపులా సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదిలే ఖాళీ) ఎంత, పార్కింగ్ ఎక్కడ, ఇంకుడు గుంతలు ఎక్కడ, మురుగునీటి శుద్ధి ప్లాంటు ఉందా, వాన నీరు స్థలం బయటికి ఏ మూల నుంచి వదులుతున్నారు. ఈ చివరిది ఎవరూ చూడరు. మాకు అసలు గొడవంతా అక్కడే ఉంది.

ఎత్తు గురించి ఒక మాట. 2017లో వచ్చిన మన రాష్ట్ర బిల్డింగ్ రూల్స్‌లో 18 మీటర్లు, అంతకు మించితే హైరైజ్. అక్కడి నుంచి లెక్క మారిపోతుంది, ఫైర్ డిపార్ట్‌మెంట్ ఎన్‌ఓసీ కావాలి, ఎత్తు పెరిగేకొద్దీ ముందు రోడ్డు వెడల్పూ పెరగాలి, చుట్టూ వదిలే ఖాళీ కూడా పెరగాలి. ఆ రూల్స్ జీవో 119లో ఉన్నాయి, తర్వాత సవరణలు చాలానే వచ్చాయి, కాబట్టి ఎవరో ఫార్వర్డ్ చేసిన పాత పట్టిక పట్టుకుని ఆఫీసుకి వెళ్ళొద్దు, మీ ప్లాన్ మంజూరైన తేదీ నాటికి ఏ రూలు నడుస్తోందో అది అడిగి తీసుకోండి. అనుకున్నదానికంటే ఒక ఫ్లోర్ ఎక్కువ కనబడితే వెంటనే అక్రమం అని గ్రూపులో పెట్టెయ్యకండి, టీడీఆర్ బాండ్లు (రోడ్డు లాంటివాటికి స్థలం వదిలినందుకు బదులుగా ఇచ్చే అదనపు కట్టుబడి హక్కులు) వాడి చట్టప్రకారమే తీసుకుని ఉండొచ్చు. ముందు అడగండి.

రోడ్డు కొలవండి, అదీ మీ చేత్తో

ఇది ఎవరూ చెయ్యని పని, చేస్తే మాత్రం దీనంత బలం ఇంకోదానికి లేదు.

హార్డ్‌వేర్ షాపులో ముప్పై మీటర్ల టేపు దొరుకుతుంది, ఒకటి కొనండి. ఆదివారం పొద్దున్నే ఆరింటికి, బళ్ళు లేని టైములో, ముగ్గురు వెళ్ళండి. హైవే దగ్గర మలుపు నుంచి సైట్ గేటు దాకా ప్రతి యాభై అడుగులకీ ఒకచోట, కాంపౌండ్ గోడ నుంచి ఎదురు కాంపౌండ్ గోడకి ఒక కొలత, తారు అంచు నుంచి తారు అంచుకి ఇంకో కొలత. రెండూ రాయండి, ఎందుకంటే కాగితం మీద లెక్క గోడ నుంచి గోడకి, బండి నడిచేది తారు మీద. కరెంటు స్తంభం ఎక్కడ లోపలికి వచ్చింది, ఎవరి ఇంటి మెట్లు ర్యాంపు రోడ్డు మీదకి వచ్చాయి, కాలవ మీద పలకలు ఎక్కడ లేవు అన్నీ రాయండి. టేపు పట్టుకున్న ఫొటో తియ్యండి, అంకె కనబడాలి.

మా వీధి ప్లాన్‌లో నలభై అడుగుల రోడ్డు. సైట్ ముందు కొలిస్తే నిజంగానే నలభై ఉంది. ఎందుకుండదు, వాళ్ళు రోడ్డు కోసం స్థలం వదిలారు కాబట్టి సరిగ్గా వాళ్ళ గేటు ముందు వెడల్పు అయింది. అక్కడి నుంచి నూట యాభై అడుగులు వెనక్కి వస్తే, రావిచెట్టు దగ్గర, ఇరవై ఆరు అడుగులు. తారు పద్దెనిమిది. ఆ రావిచెట్టు దగ్గర స్కూలు బస్సు వస్తే ఎదురు ఆటో ఆగాల్సిందే. ఫైరింజన్ ఎలా వస్తుంది అని ఆ ఫొటో చూపించి అడిగితే టౌన్ ప్లానింగ్‌లో కూర్చున్నాయన మొదటిసారి పెన్ను కింద పెట్టి ఫొటో చేతిలోకి తీసుకున్నాడు. మొత్తం వీధిలో అన్నింటికన్నా ఇరుకైన చోటు ఎక్కడో అదే మీ రోడ్డు వెడల్పు, గేటు ముందున్నది కాదు. వీఎంఆర్‌డీఏ (విశాఖ మెట్రో ప్రాంత అభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో మీ రోడ్డు వెడల్పు చెయ్యాలని ఉందేమో కూడా చూడండి, ఉంటే "ఎప్పుడు చేస్తారు" అని అడగడానికి పట్టు దొరుకుతుంది.

ఇంకోటి, బళ్ళ లెక్క. వర్కింగ్ డే పొద్దున్న ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా మలుపు దగ్గర ఒకరు కూర్చుని పావుగంటకోసారి లెక్క రాయాలి, కార్లు, బైకులు, ఆటోలు, బస్సులు విడివిడిగా. మా ఎదురింటి మామ్మగారు వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ మూడు రోజులు లెక్కపెట్టి ఇచ్చారు, క్యాలెండర్ వెనక గీతలు గీసి. ఆ కాగితం అలాగే జిరాక్స్ తీసి అర్జీకి జతచేశాం.

గెడ్డ ఎటు పోతోంది?

వైజాగ్‌లో బతికేవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు గానీ చెప్పాలి. మనకి ఒకవైపు కొండ, ఇంకోవైపు సముద్రం, కొండ మీద పడ్డ వాన కిందకి రావాలి, వచ్చే దారే గెడ్డ. ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ, అటు మేఘాద్రిగెడ్డ, ఇంకా పేరు లేని పిల్ల గెడ్డలు ఎన్నో, కాలనీల మధ్యలోంచి పోతాయి. చావులమదుం అని ఊళ్ళో ఏరియాకి పేరే ఉంది, మదుం అంటే ఏంటో మనకి తెలుసు, రోడ్డు కింద నీళ్ళు దాటే దారి. గట్టి వాన పడితే జ్ఞానాపురం రైల్వే బ్రిడ్జి కింద నీళ్ళు నిలవడం అందరం చూసిందే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ గాలికి ఊరు ఎలా అయిందో గుర్తుంది, 2021 సెప్టెంబర్‌లో గులాబ్ వచ్చినప్పుడు పెందుర్తి సైడు కాలనీల్లోకి నీళ్ళు వచ్చేశాయి.

ఒక ఎకరం మట్టి స్థలం ఉందనుకోండి, వాన పడితే కొంత ఇంకుతుంది, కొంత గడ్డిలో ఆగుతుంది, మిగతాది మెల్లగా కారుతుంది. అదే స్థలం స్లాబూ టైల్సూ అయిపోతే మొత్తం నీళ్ళు పది నిమిషాల్లో గేటు బయటికి వచ్చేస్తాయి, ఆ గేటు బయట ఉన్నది మన రెండడుగుల కాలవ. కాలవ తప్పు కాదు, అది వేసినప్పుడు పైన మామిడి తోట ఉండేది. పైగా కొండవాలులో తవ్వితే ఎర్రమట్టి కొట్టుకొచ్చి మదుంలో పేరుకుంటుంది, మూడడుగుల మదుం రెండు వానలకే ఒక అడుగు అయిపోతుంది.

చెయ్యాల్సింది ఏంటంటే, పని మొదలవ్వకముందు ఒక వానాకాలం దొరికితే వదలొద్దు. గట్టి వాన పడుతున్నప్పుడే గొడుగేసుకుని వీడియో తియ్యండి, నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయో నోటితో చెబుతూ, తేదీ, టైము చెబుతూ. వాన తగ్గాక నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద ఎనామిల్ పెయింటుతో గీత గీసి తేదీ వెయ్యండి. మామ్మగారి కాంపౌండ్ గోడ మీద అలాంటి గీతలు ఐదున్నాయి, నీలం రంగువి, కిందవి రెండూ మొదటి ప్రాజెక్టుకి ముందువి, పైవి మూడూ తర్వాతవి. కిందదానికీ పైదానికీ మధ్య నా అరచెయ్యి అడ్డంగా పెడితే ఇంకా రెండు వేళ్ళ ఖాళీ మిగిలింది. ఇంజనీరింగ్ సెక్షన్ నుంచి వచ్చిన ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు ఆ గోడ దగ్గర వంగుని టేపు పెట్టి కొలుచుకుని వెళ్ళారు, ఏ అర్జీకీ అంత విలువ రాలేదు.

గెడ్డ ఆక్రమణ అనుమానం ఉంటే నోటి మాటతో కాదు, మీభూమి అనే ప్రభుత్వ భూమి రికార్డుల సైట్లో ఆ సర్వే నంబర్‌కి ఎఫ్‌ఎంబీ స్కెచ్ (హద్దుల కొలతల పటం), అడంగల్ తీసుకోండి, గెడ్డ పోరంబోకు అని రికార్డులో ఉందో లేదో చూడండి, ఉంటే తహసీల్దార్‌కి సర్వే చెయ్యమని అర్జీ పెట్టండి. గెడ్డ అంచు నుంచి ఎంత దూరం వదలాలన్నది దాని వెడల్పుని బట్టి బిల్డింగ్ రూల్స్‌లోనే ఉంది, సర్వేలో అంచు తేలాక ఆ దూరం ప్లాన్‌లో వదిలారా అని అడగండి.

నీళ్ళు, మురుగు, కరెంటు

నీళ్ళ లెక్క చాలా తేలిక, మీరే వెయ్యొచ్చు. మురుగు పైపులైన్లున్న నగరాలకి మనిషికి రోజుకి 135 లీటర్లు అని ప్రభుత్వ ప్రమాణం ఉంది. 180 ఫ్లాట్లు, ఫ్లాటుకి నలుగురు, అంటే 720 మంది. 720 ఇంటూ 135 అంటే 97,200 లీటర్లు, రోజుకి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు ఇరవై. ఇవి జీవీఎంసీ (మన నగరపాలక సంస్థ) పైపులోంచి వస్తాయా, బోరులోంచా, ట్యాంకర్లా అన్నది ముందే చెప్పమనండి. ట్యాంకర్లంటే రోజుకి ఇరవై సార్లు ఆ రావిచెట్టు దగ్గర నుంచి వెళ్ళాలి, వెనక్కి రావాలి, ఈ మాట అర్జీలో రాయండి.

మన ఊరికి నీళ్ళు రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, గోస్తని, ముడసర్లోవ, గంభీరం, ఏలేరు కాలవ ఇలా చుట్టుపక్కల నుంచి వస్తాయి, వేసవిలో ఏ రిజర్వాయర్ తగ్గిందో పేపర్లో చదువుతూనే ఉంటాం. మీ వీధికి ఏ ట్యాంకు నుంచి, ఎన్ని అంగుళాల పైపు, రోజుకి ఎంతసేపు వస్తున్నాయో కనుక్కోండి. నీళ్ళు వదిలే లైన్‌మేన్‌కి ఇదంతా నోటికొచ్చు, ఆయన్ని ఒకసారి టీకి పిలవండి, ఏ ఆఫీసులోనూ దొరకని విషయాలు చెబుతాడు. పదిహేను రోజులు మీ ఇంటి కుళాయి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి ఆగింది, బకెట్ నిండటానికి ఎంతసేపు పట్టింది రాసి పెట్టుకోండి. రేపు తగ్గిందని చెప్పాలంటే ఇవ్వాళ ఎంతుందో కాగితం మీద ఉండాలి కదా.

బోర్లు వేస్తుంటే పర్మిషన్ ఉందా అడగండి, 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) ఉంది, తాగునీటి పబ్లిక్ బోరుకి 250 మీటర్ల లోపు ఇష్టమొచ్చినట్టు వెయ్యడానికి లేదు. బీచ్‌కి దగ్గరగా ఉండేవాళ్ళు మీ బోరు నీళ్ళ టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల కొలత) ఇప్పుడే చూసి రాసుకోండి, చిన్న మీటర్ కొన్ని వందల్లోనే వస్తుంది. ఎక్కువ తోడితే సముద్రపు నీళ్ళు లోపలికి వస్తాయి, ఒకసారి ఉప్పెక్కిన బోరులో మళ్ళీ మంచినీళ్ళు రావడం చాలా కష్టం.

మురుగు. వాడిన నీళ్ళలో దాదాపు 80 శాతం మురుగుగా బయటికి వస్తుందని లెక్క, అంటే పైన చెప్పిన బిల్డింగ్ నుంచి రోజుకి 78 వేల లీటర్లు. మీ వీధిలో యూజీడీ (భూగర్భ మురుగు) లైను ఉందా, ఉంటే దానికి కనెక్షన్ తీసుకుంటున్నారా, లేకపోతే శుద్ధి ప్లాంటు ఎంత కెపాసిటీ, శుద్ధి చేశాక ఆ నీళ్ళు ఎక్కడికి? మా మొదటి ప్రాజెక్టులో ఈ చివరి ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. రెండేళ్ళ తర్వాత ఒక రోజు పొద్దున్న ముగ్గు వేద్దామని గేటు తీస్తే కాలవ పొంగి గడప దాకా నురగ, ఆ వాసన మధ్యాన్నం దాకా పోలేదు, మామ్మగారు ఆ రోజు ఇంట్లో దీపం పెట్టలేదు. అది నేను మర్చిపోలేను, ఈ గైడు రాయడానికి సగం కారణం అదే.

కరెంటు గురించి పెద్దగా భయపడక్కర్లేదు, ఇన్ని ఫ్లాట్లకి వాళ్ళు సొంత ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాల్సిందే, అది వాళ్ళ స్థలంలో పెడుతున్నారా రోడ్డు మీద పెడుతున్నారా అన్నది మాత్రం చూడండి. కన్‌స్ట్రక్షన్ టైములో ఓల్టేజి పడిపోతుంటే 1912కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ రాసుకోండి, ప్రతిసారీ.

తవ్వకం మొదలవ్వకముందు మీ ఇల్లు ఫొటో తీసుకోండి

పక్క స్థలం వాళ్ళు ఇది తప్పకుండా చెయ్యాలి, అదీ బేగి చెయ్యాలి. సెల్లార్ తవ్వితే పక్కింటి గోడలు బీటలివ్వడం మామూలే, అప్పుడు "ఆ పగులు ముందే ఉందండి" అంటారు. అందుకని ప్రతి గది, ప్రతి గోడ, మూలలు, కిటికీల కింద, కాంపౌండ్ గోడ, సంపు లోపల అన్నీ తేదీతో ఫొటోలు, ఒక వీడియో. ఉన్న పగుళ్ళ మీద చిన్న గాజు పలక అడ్డంగా పెట్టి రెండు చివరలా సిమెంటుతో అతికించి పక్కన తేదీ రాయండి. గోడ కదిలితే ఆ గాజు టప్‌మని పగులుతుంది, ఇక వాదన ఉండదు. ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఒక కాపీ బిల్డర్‌కి రిజిస్టర్డ్ పోస్ట్ చెయ్యండి, ఉత్తరంలో నాలుగు లైన్లు చాలు: మా ఇంటి ఇప్పటి పరిస్థితి ఇది, తవ్వేముందు రక్షణ గోడ ఎలా కడతారో తెలియజేయండి. మా పక్కవాళ్ళు ఇలా పంపాక తవ్వకం నాలుగు రోజులు ఆగి, అంచున గోడ పోశాకే ముందుకెళ్ళారు.

అర్జీ ఎలా రాయాలి

ఒక అర్జీలో ఒకే సమస్య. రోడ్డు, కాలవ, నీళ్ళు, దుమ్ము, శబ్దం అన్నీ ఒకే కాగితం మీద రాస్తే అది ఏ సెక్షన్‌దీ కాదు, టేబుల్ మీంచి టేబుల్ మీదకి తిరిగి ఎక్కడో పడుకుంటుంది. రోడ్డు వెడల్పు, ప్లాన్ అయితే టౌన్ ప్లానింగ్‌కి, కాలవ మదుం అయితే ఇంజనీరింగ్‌కి, పైపు అయితే వాటర్ సప్లైకి. అన్నీ జోనల్ కమిషనర్ పేరు మీదే రాసినా పైన సబ్జెక్ట్ ఒకటే ఉండాలి. మాది ఇలా ఉంది:

"విషయం: మా వీధి చివర మదుం సామర్థ్యం చాలకపోవుట, కొత్త నివాస సముదాయం నుండి వచ్చు వాన నీటి విషయమై. సర్వే నంబరు, వార్డు నంబరు పైన తెలిపాము. ప్రస్తుత మదుం వెడల్పు 3 అడుగులు, అందులో ఒక అడుగు మట్టి. గత రెండు వానాకాలాల్లో నీరు నిలిచిన ఎత్తు ఫొటోలు 1 నుండి 5 వరకు జతచేశాము. మా కోరిక: ఒకటి, మీ ఇంజనీరు గారు స్థలం చూసి నివేదిక ఇవ్వవలెను. రెండు, కొత్త భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేలోపు మదుం వెడల్పు చేయవలెను. మూడు, అప్పటి వరకు నెలకొకసారి మట్టి తీయించవలెను."

చూశారుగా, తిట్టు లేదు, ఆవేదన లేదు, ఎవరి మీదా ఆరోపణ లేదు. కొలత, ఫొటో, కోరిక. సంతకాలు ఇంటింటికీ తిరిగి పెట్టించండి, డోర్ నంబర్‌తో, అద్దెకున్నవాళ్ళ చేత కూడా పెట్టించండి, నీళ్ళు వాళ్ళకీ ఆగుతాయి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు నంబర్ తీసుకోండి, అందులో ఇస్తే ఆన్‌లైన్‌లో ఎక్కుతుంది, ఎవరో ఒకరు జవాబు రాయాల్సిందే. "సమస్య పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చేసి అక్కడ ఏమీ జరగకపోతే కోపం తెచ్చుకుని వదిలెయ్యకండి, ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్, అదే రోజు తీసిన మదుం ఫొటో పక్కపక్కన పెట్టి పై సోమవారం మళ్ళీ వెళ్ళండి. మేం ఏడు సోమవారాలు వెళ్ళాం.

జవాబు రాకపోతే ఆర్టీఐ. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు అదే ఆఫీసులో మొదటి అప్పీలు, అదీ తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండోది. "ఎందుకు పర్మిషన్ ఇచ్చారు" అని అడగొద్దు, ఎందుకు అనే ప్రశ్నకి జవాబివ్వక్కర్లేదు అంటారు. కాగితం అడగండి: మంజూరు ప్లాన్ కాపీ, సైట్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, అందులో రాసిన రోడ్డు వెడల్పు, ఫైర్ ఎన్‌ఓసీ, నీళ్ళ కనెక్షన్‌కి ఇచ్చిన ఫీజిబిలిటీ లెటర్ కాపీ. ఫైలు స్వయంగా చూసే హక్కు కూడా చట్టంలో ఉంది, ఆ లైను కూడా రాయండి.

ప్రాజెక్టు మరీ పెద్దదైతే, బిల్టప్ ఏరియా 20,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 2 లక్షల 15 వేల చదరపు అడుగులు దాటితే, 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కావాలి. కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో వాళ్ళ దరఖాస్తు, అనుమతి లెటరు దొరుకుతాయి, ఆ లెటర్‌లో నీళ్ళు ఎక్కడి నుంచి, మురుగు ఎక్కడికి, వాన నీళ్ళు ఎలా అన్నీ షరతుల్లా రాసి ఉంటాయి, వాళ్ళు సంతకం పెట్టిన మాటలే కాబట్టి మనకి బాగా పనికొస్తాయి. ఆ అనుమతి మీద అభ్యంతరం ఉంటే గ్రీన్ ట్రిబ్యునల్ చెన్నై బెంచికి 30 రోజుల్లోపు వెళ్ళాలి, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తారు, అది దాటితే తలుపు మూసుకుపోతుంది. లాసన్స్ బే, రుషికొండ, సాగర్‌నగర్ లాంటి బీచ్ సైడు వాళ్ళు సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ రూల్స్) కూడా చూడండి, పోటు రేఖ నుంచి 500 మీటర్ల లోపు స్థలమైతే ఆ రూల్స్ వేరు.

బిల్డర్‌తో మాట్లాడండి

చాలామంది ఇది అవమానం అనుకుంటారు. కాదు. అర్జీలు ఒకవైపు నడుస్తుండగానే ముగ్గురు పెద్దవాళ్ళు వెళ్ళి కూర్చోవాలి, ఒక ఆడమనిషి తప్పకుండా ఉండాలి, నీళ్ళ బాధ, దుమ్ము బాధ మాకే ఎక్కువ తెలుసు. మేం అడిగినవి చిన్నవే: రాత్రి పదింటి తర్వాత కాంక్రీట్ పోతలు వద్దు, రెసిడెన్షియల్ ఏరియాలో రాత్రి శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి రూల్స్ ఉన్నాయి కూడా. లారీ టైర్లు కడిగి బయటికి పంపండి, స్కూలు టైములో ఇసుక లారీలు వద్దు, కాలవ పగలగొడితే వారంలో కట్టండి, అక్కడ ఉండే కూలీల కుటుంబాలకి మరుగుదొడ్లు సరిగ్గా కట్టండి. ఒప్పుకున్నవన్నీ కాగితం మీద రాసి రెండు వైపులా సంతకాలు. ఒప్పుకోని రెండు విషయాలూ అదే కాగితం మీద "ఒప్పుకోలేదు" అని రాశాం, అది కూడా తర్వాత పనికొచ్చింది.

కొన్ని మాత్రం అస్సలు చెయ్యొద్దు. లారీలకి అడ్డంగా కూర్చోవద్దు, కేసు మన పిల్లల మీద పడుతుంది. గ్రూపులో ఫలానావాడు డబ్బు తిన్నాడు అని రాయొద్దు. వీధికి గుడి కట్టిస్తాం, సీసీ కెమెరాలు పెట్టిస్తాం అంటే పుచ్చుకోవద్దు, ఒకసారి తీసుకున్నాక మదుం గురించి మాట్లాడే నోరు ఉండదు.

ఈ పనులన్నీ ఒకరి మీద పడితే ఆరు నెలల్లో అలిసిపోతారు. వీధి సంఘం రిజిస్టర్ చేసుకోండి, 2001 సొసైటీల చట్టం కింద అవుతుంది, సంఘం పేరు మీద రాస్తే ఎవరో ఒకరు ఇల్లు మారినా ఫైలు ఆగదు.

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దాకా వదలొద్దు

బిల్డింగ్ పూర్తయ్యే టైముకి అందరూ అలవాటు పడిపోతారు, కానీ మన చేతిలో ఉన్న చివరి పట్టు అక్కడే ఉంది. ఓసీ (అదే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, బిల్డింగ్‌లో కాపురం ఉండొచ్చని ఇచ్చే కాగితం) ఇవ్వకముందే అర్జీ పెట్టాలి: ప్లాన్‌లో చూపిన పార్కింగ్ పార్కింగ్‌లాగే ఉందా, షాపులుగా మారిందా, సెట్‌బ్యాక్‌లో జనరేటర్ గది లేచిందా, ఇంకుడు గుంతలు నిజంగా తవ్వారా లేక మూత మాత్రమే పెట్టారా, మురుగు ప్లాంటు తిరుగుతోందా. నేను పైన చెప్పిన సుప్రీం కోర్టు తీర్పులోనే, ఓసీ ఉంటేనే నీళ్ళు, కరెంటు కనెక్షన్లు ఇవ్వాలని కూడా ఉంది. ఫ్లాట్లు కొన్నవాళ్ళని ఈ పాటికి కలుపుకోండి, వాళ్ళు రెరాలో వెయ్యగలరు, ప్లాన్ మార్చాలంటే మూడింట రెండొంతుల మంది కొనుగోలుదార్ల ఒప్పుదల రాతపూర్వకంగా కావాలి, ఆ బలం మనకి లేదు, వాళ్ళకి ఉంది. మా దగ్గర శుద్ధి ప్లాంటు సరిగ్గా నడవాలని గట్టిగా పట్టుబట్టింది మూడో ఫ్లోర్ కొనుక్కున్న ఒక నర్సమ్మ, ఇప్పుడు ఆవిడే మా సంఘం జాయింట్ సెక్రటరీ.

కొత్తవాళ్ళు చేరాక వచ్చే మొదటి సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో మళ్ళీ అదే గొడుగు, అదే వీడియో, అదే చోట నుంచి. మదుం పెద్దది చేశాక వచ్చిన మొదటి గట్టి వానకి మామ్మగారి గోడ మీద ఆరో గీత గీశాం, అది కింద నుంచి మూడోదిగా పడింది. ఇంకా పాత రెండు గీతల కిందకి రాలేదు, అందుకని మదుం అవతల వైపు కాలవ కూడా వెడల్పు చెయ్యమని కొత్త అర్జీ రాశాం, వచ్చే సోమవారం ఇస్తున్నాం, ఈసారి సంతకాల్లో ఆ ఫ్లాట్ల వాళ్ళవి అరవై రెండున్నాయి.